వజ్రం, పొలం, ఓటు: పిట్ కుటుంబం పార్లమెంటుకు చేరిన దారి

దక్షిణ ఇంగ్లండులో సాల్స్‌బరీ ఊరు దాటి ఉత్తరానికి రెండు మైళ్ళు వెళితే గడ్డి పెరిగిన పెద్ద మట్టి దిబ్బ ఒకటి కనిపిస్తుంది. దాని పేరు ఓల్డ్ సారం. ఒకప్పుడు ఆ దిబ్బ మీద కోట, పెద్ద చర్చి, ఊరు అన్నీ ఉండేవి. నీళ్ళ ఇబ్బందికి తోడు, కోటలోని సైనికులకూ చర్చి వాళ్ళకూ పడకపోవడంతో 1220 ప్రాంతంలో చర్చిని కింద మైదానంలోకి మార్చారు. చర్చి వెంట జనమూ దిగిపోయారు. ఆ మైదానంలో వెలిసిన ఊరే నేటి సాల్స్‌బరీ. 18వ శతాబ్దం వచ్చేసరికి పైన దిబ్బ మీద పొయ్యి వెలిగే ఇల్లు ఒక్కటీ లేదు. అయినా 1832 దాకా ఓల్డ్ సారం బ్రిటిష్ పార్లమెంటుకు ఇద్దరు సభ్యుల్ని పంపుతూనే ఉంది. మిల్లులతో, జనంతో కిటకిటలాడే మాంచెస్టర్, బర్మింగ్‌హామ్ పట్టణాలకు మాత్రం అప్పటిదాకా సొంతంగా ఒక్క సీటు కూడా లేదు.

మనుషులే లేని చోట ఓటు ఎవరు వేశారు? ఎవరి తరఫున వేశారు? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే జార్జి రాజుల కాలపు ఇంగ్లండు రాజకీయం సగం అర్థమైనట్టే. నాకు తెలిసినంతలో ఆ జవాబును తేటగా చూపించే జీవితం థామస్ పిట్‌ది. మద్రాసు గవర్నరుగా చేసినవాడు, ‘డైమండ్ పిట్’ అని పేరు పడినవాడు. ఇంగ్లండుకు ఇద్దరు ప్రధానమంత్రులను ఇచ్చిన కుటుంబానికి మూలపురుషుడు. ఆయన ఆస్తిలో ఒక పెద్ద భాగం మన కృష్ణా తీరపు గనుల నుంచి వెళ్ళింది. కోహినూర్ గురించి మనం ఎంతైనా మాట్లాడుకుంటాం. ఈ రెండో రాయి కథ మనలో చాలామంది వినలేదు. వినాల్సిన కథ అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

పాదరి కొడుకు, దొంగ వర్తకుడు

థామస్ పిట్ 1653లో డోర్సెట్ కౌంటీలోని బ్లాండ్‌ఫోర్డ్‌లో పుట్టాడు. తండ్రి ఊరి చర్చిలో పాదరి. పస్తులుండే ఇల్లు కాదు, అలాగని చెప్పుకోదగ్గ భూములూ లేవు. ఇరవై దాటగానే ఈస్టిండియా కంపెనీ ఓడ ఎక్కి 1674లో ఒడిశా తీరంలోని బాలాసోర్ చేరాడు. చేరగానే ఓడనూ కొలువునూ వదిలేసి సొంతంగా వ్యాపారం పెట్టుకున్నాడు.

అప్పట్లో తూర్పు దేశాలతో వ్యాపారం చేసే హక్కు ఇంగ్లండు రాజు ఇచ్చిన సన్నదు ప్రకారం కంపెనీ ఒక్కదానిదే. దాన్ని కాదని సరుకు కొని అమ్మే ఇంగ్లీషువాళ్ళను కంపెనీ ‘ఇంటర్‌లోపర్లు’ అనేది. మన మాటలో అనుమతి లేని వర్తకులు. పిట్ వాళ్ళలో అందరికంటే మొండివాడు. పట్టుకోమని కంపెనీ ఉత్తర్వులు పంపింది. లండన్ వెళ్ళినప్పుడు అరెస్టు చేయించింది. కేసు నడిచి వెయ్యి పౌండ్ల జరిమానా పడింది, తర్వాత అదీ తగ్గింది. కట్టి మళ్ళీ బెంగాల్ ఓడ ఎక్కాడు. ఇరవై ఏళ్ళ పాటు తన హక్కును కాదని వ్యాపారం చేసిన ఈ మనిషినే కంపెనీ చివరికి 1697లో మద్రాసు సెయింట్ జార్జి కోటకు అధ్యక్షుడిగా, అంటే గవర్నరుగా నియమించింది. ఓడించలేనివాణ్ణి తన వైపు తిప్పుకుంది.

కానీ ఆ నియామకానికి ముందే ఆయన ఇంగ్లండులో ఇంకో పని చేసి పెట్టుకున్నాడు. 1688లో సాల్స్‌బరీ పక్కన స్ట్రాట్‌ఫోర్డ్ అనే గ్రామపు ఎస్టేటు కొన్నాడు. మరుసటేడు సాల్స్‌బరీ నుంచి ఎంపీ అయ్యాడు. 1691లో ఆ పక్కనే ఉన్న ఓల్డ్ సారం దిబ్బను ఎర్ల్ ఆఫ్ సాల్స్‌బరీ దగ్గర కొన్నాడు. వజ్రం అమ్మిన డబ్బుతోనే పిట్ పార్లమెంటు సీటు కొన్నాడని చాలామంది అనుకుంటారు. లెక్క తిరగేసి ఉంది. సీటు ముందు, వజ్రం తర్వాత. సీటు కొన్నది బెంగాల్ వ్యాపారపు లాభంతో. వజ్రం చేసిన పని వేరు, దాని దగ్గరికి వస్తాను.

డబ్బుండగా భూమి ఎందుకు?

చేతిలో అంత డబ్బున్న వ్యాపారి ఇంకో ఓడ కొనకుండా గొర్రెలు మేసే దిబ్బ ఎందుకు కొంటాడు? ఇక్కడే ఆ కాలపు రాజకీయం అసలు లెక్క ఉంది.

అప్పటి ఇంగ్లండులో డబ్బుంటే ధనికుడివి, భూమి ఉంటేనే పెద్దమనిషివి. ఇది మర్యాదకు సంబంధించిన మాటగానే మిగల్లేదు, చట్టంలోకీ ఎక్కింది. 1711లో వచ్చిన చట్టం ప్రకారం కౌంటీ సీటుకు నిలబడేవాడికి ఏటా 600 పౌండ్లు, పట్టణపు సీటుకైతే 300 పౌండ్లు భూమి మీద ఆదాయం ఉండాలి. ఓడల మీద లక్ష పౌండ్లు సంపాదించినా లెక్కలోకి రాదు. బ్యాంకులో ఉన్నా రాదు. ఎంపీకి జీతం కూడా లేదు, అది 1911 దాకా రాలేదు. కూర్చుని తినగలిగినవాడే పార్లమెంటులో కూర్చోగలడు. కొందరు బంధువుల భూమిని తాత్కాలికంగా తమ పేరు మీద రాయించుకుని గట్టెక్కేవాళ్ళు నిజమే. చట్టం ఎవరి కోసమో మాత్రం స్పష్టం.

ఓటు హక్కు సంగతి మరీ చిక్కు. 18వ శతాబ్దంలో ఇంగ్లండుకు పార్లమెంటులో 489 సీట్లు. 40 కౌంటీలకు రెండేసి చొప్పున 80, రెండు విశ్వవిద్యాలయాలకు కలిపి 4. మిగతా 405 సీట్లూ ‘బరో’లవి, అంటే ఎప్పుడో మధ్యయుగాల్లో పట్టణాలుగా రాజముద్ర పడిన చోట్లవి. కౌంటీల్లో ఓటుకు ఒకటే నియమం: ఏటా నలభై షిల్లింగుల విలువ చేసే సొంత భూమి ఉండాలి. బరోల్లో మాత్రం ఊరికో పద్ధతి. ఒక ఊళ్ళో పన్ను కట్టే ఇంటి యజమానికి ఓటు. ఇంకో ఊళ్ళో సొంత పొయ్యి మీద వండుకునే ప్రతి మగవాడికీ ఓటు. మరో ఊళ్ళో మునిసిపల్ సభ్యులు పది పన్నెండు మందికే ఓటు. వీటన్నిటిలో విచిత్రమైనవి సుమారు ముప్పై బరోలు. అక్కడ ఓటు మనిషిది కాదు, స్థలానిది. ‘బర్గేజ్’ అనే కొన్ని పాత ఇళ్ళ స్థలాలు ఉంటాయి. ఆ స్థలం పట్టా ఎవరి చేతిలో ఉంటే ఓటు వాళ్ళది. ఆ స్థలంలో ఇల్లుందా, మనిషున్నాడా, బార్లీ పండుతోందా, ఎవరూ అడగరు.

ఓల్డ్ సారం అలాంటిది. స్థలాలన్నీ ఒక్కడే కొనేస్తే ఇద్దరు ఎంపీలూ అతని జేబులో ఉన్నట్టే.

ఎన్నిక ఎలా జరిగేదో దగ్గర నుంచి చూస్తే గాని నమ్మబుద్ధి కాదు. లండన్ నుంచి ఎన్నిక ఉత్తర్వు వచ్చేది. దాన్ని అమలు చేసే అధికారి ఆ ఎస్టేటు వ్యవహారాలు చూసే బెయిలిఫ్. అతన్ని పెట్టుకునేదే భూస్వామి. పోలింగు ముందు భూస్వామి తరఫు మనిషి పట్టాలు తీసుకుని వస్తాడు. నమ్మకస్తుల్ని నలుగురైదుగురిని పిలిచి ఒక్కో పట్టా ఒక్కొక్కరి పేర రాసి చేతికిస్తాడు. ఆ క్షణానికి వాళ్ళు ఆ స్థలాల సొంతదార్లు, చట్టం కళ్ళకు నిఖార్సయిన ఓటర్లు. అందరూ కలిసి దిబ్బ కింద పొలంలో ఉన్న పెద్ద ఎల్మ్ చెట్టు దగ్గరికి నడుస్తారు. ఆ చెట్టుకు ‘పార్లమెంటు చెట్టు’ అని పేరు. అక్కడ ఒక గుడారం, ఒక బల్ల. రహస్య ఓటు 1872 దాకా రాలేదు కాబట్టి ఎవరికి ఓటో నోటితోనే చెప్పాలి. చెప్పేది ముందే తెలిసిన పేర్లే. పని అయ్యాక పట్టాలు వెనక్కి ఇచ్చేసి మామూలు మనుషులై ఇళ్ళకు వెళ్ళిపోతారు.

ఇందులో లంచం లేదు, బెదిరింపు లేదు, దొంగ ఓటు లేదు. అంతా చట్టప్రకారమే. నన్ను బాగా కలవరపెట్టేది అదే. మోసం చేస్తే పట్టుకోవచ్చు. ఇక్కడ చట్టమే పొలాన్ని మనిషి కంటే పైన కూర్చోబెట్టింది.

రెండు లక్షల వరహాల బేరం

1698 జూలైలో పిట్ గవర్నరుగా మద్రాసులో దిగాడు. జీతం, అలవెన్సు కలిపి ఏడాదికి 300 పౌండ్లు. పదకొండేళ్ళు ఉన్నాడు. 1702లో మొగలుల తరఫు కర్ణాటక పాలకుడు దావూద్ ఖాన్ మద్రాసును మూడు నెలలకు పైగా ముట్టడిస్తే నిలదొక్కుకుని, చివరికి డబ్బిచ్చి పంపించాడు. 1707లో అక్కడ కుడి చెయ్యి, ఎడమ చెయ్యి అని పిలిచే రెండు కుల వర్గాల గొడవ మద్రాసును కుదిపేసినప్పుడు మధ్యలో ఉన్నదీ ఈయనే. ఆయన వచ్చిన కొత్తలోనే కంపెనీకి పోటీగా ఇంగ్లండులో ఇంకో కంపెనీ పుట్టింది. దాని తరఫున మచిలీపట్నంలో కూర్చున్న అధికారి జాన్ పిట్, ఈయన బంధువే. ఇద్దరూ తూర్పు తీరంలో ఆ కొసనొకరు ఈ కొసనొకరు కూర్చుని ఉత్తరాల్లో కత్తులు నూరుకున్నారు.

300 పౌండ్ల జీతం కోసం ఎవరూ అంత దూరం రారు. కంపెనీ ఉద్యోగులకు సొంత వ్యాపారం చేసుకునే వీలుండేది, అసలు సంపాదన దానిలోనే. ఆ సంపాదనను ఇంగ్లండుకు చేర్చడం మాత్రం కష్టం. బంగారం బరువు. సరుకు ఓడలో పెడితే కంపెనీ కంట పడుతుంది. హుండీ, అంటే అక్కడ డబ్బు చెల్లించమనే కాగితం, రాయించుకుంటే ఎంత పంపారో కంపెనీ లెక్కల్లోకి ఎక్కుతుంది. వజ్రమైతే జేబులో పట్టేస్తుంది. గోల్కొండ గనులు దగ్గర్లోనే ఉన్నాయి. అందుకే మద్రాసు తెల్లదొరల్లో చాలామంది తమ సంపాదనను రాళ్ళుగా మార్చి పంపేవాళ్ళు.

1701లో జంచంద్ అనే పేరుమోసిన వజ్రాల వ్యాపారి, వెంకట చెట్టి అనే స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని కోటకు వచ్చాడు. సానపట్టని పెద్ద రాయి ఒకటి బల్ల మీద పెట్టాడు. తూకం 305 మంజాళ్ళు. వజ్రాల బజారులో ఆ తూకం పేరే తెలుగుది. గురువింద కంటే కాస్త పెద్దగా ఉండే ఎర్ర గింజ మంజాళి, దాన్నే ఇంగ్లీషువాళ్ళు ‘మాంజెలిన్’ అని రాసుకున్నారు. క్యారెట్లలో 410. చెప్పిన ధర రెండు లక్షల వరహాలు. పిట్ ముప్పై వేలకు మించి ఇవ్వనన్నాడు. బేరం తెగింది. రాయి వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చింది. ఈసారి జంచంద్ లక్ష అన్నాడు. మళ్ళీ తెగింది. అలా నెలలు గడిచాక రెండు పక్షాలూ దగ్గరికొచ్చి 1702లో 48 వేల వరహాల దగ్గర చేతులు కలిపారు. అప్పటి మారకంలో 20,400 పౌండ్లు. గవర్నరు జీతంతో కొనాలంటే 68 ఏళ్ళు పడుతుంది.

రాయి ఎక్కడ దొరికిందో ఆ బేరంలో మాట రాలేదు. కొల్లూరు గనిలో అని కొందరు, పరిటాలలో అని కొందరు రాశారు. రెండూ కృష్ణ ఒడ్డువే. గనిలో ఒక బానిసకు ఈ రాయి దొరికిందనీ, కాలికి గాటు పెట్టుకుని కట్టులో దాచి తీరానికి పారిపోయాడనీ, సగం వాటా ఇస్తానన్న ఓడ కెప్టెన్ అతణ్ణి చంపి రాయి లాక్కున్నాడనీ ఒక కథ ఉంది. ఋజువు లేని కథ. కానీ కొల్లూరులో అరవై వేల మంది ఆడా మగా పిల్లలూ పని చేస్తున్నారని అంతకు యాభై ఏళ్ళ ముందే అక్కడికి వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే రాశాడు. ఆ రాయిని తవ్వి తీసిన చెయ్యి వాళ్ళలో ఎవరిదో అయ్యుంటుంది. కొన్నవాడి పేరుంది, అమ్మినవాడి పేరుంది, సానపట్టినవాడి పేరూ ఉంది. తవ్వినవాడి పేరు ఏ కాగితంలోనూ లేదు. ఈ కథలో నన్ను వదలని ఖాళీ అది. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం నీళ్ళ కింద ఉంది.

రాయి భూమిగా మారిన వైనం

1702లోనే పిట్ తన పెద్ద కొడుకు రాబర్ట్ చేతికిచ్చి రాయిని ఇంగ్లండు పంపాడు. బూటు మడమలో దాచి తీసుకెళ్ళాడని చెప్పుకుంటారు. లండన్‌లో సానపట్టడానికి రెండేళ్ళు, 5 వేల పౌండ్లు అయ్యాయి. 410 క్యారెట్ల రాయి చివరికి 140 క్యారెట్ల వజ్రమైంది. కోతలో వచ్చిన చిన్న ముక్కలకే మంచి ధర పలికింది.

అసలు కష్టం అప్పుడు మొదలైంది. అంత రాయిని కొనగలిగేది రాజులే, ఆ రాజులందరూ యుద్ధాల్లో ఉన్నారు. పద్నాలుగో లూయీ వద్దన్నాడు. ఇంగ్లండు తిరిగొచ్చాక పిట్‌కు ఒకటే టెన్షన్, రాయి ఎవరైనా ఎత్తుకుపోతారని. వరసగా రెండు రాత్రులు ఒకే ఇంట్లో పడుకోడని లండన్‌లో జనం చెప్పుకునేవారు. దొంగతనంగా సంపాదించాడన్న పుకారు అంతకంటే బాధపెట్టింది. ఆ కాలపు పెద్ద కవి ఒకాయన దాన్ని పద్యంలోకి కూడా ఎక్కించాడు. పిట్ మద్రాసు నుంచి ఇంటికొస్తూ 1710 జూలైలో నార్వేలోని బెర్గెన్ రేవులో ఆగినప్పుడు కూర్చుని, జంచంద్‌తో బేరం మొదటి నుంచి చివరి దాకా ప్రమాణం చేసి రాసిపెట్టాడు. పైన చెప్పిన వరహాల బేరమంతా ఆ కాగితంలోదే. తాను పోయాక పిల్లల మీద మచ్చ రాకూడదని రాస్తున్నానన్నాడు.

1717లో బేరం కుదిరింది. ఫ్రాన్సులో పసివాడైన పదిహేనో లూయీ పేరున ఏలుతున్న ఓర్లియాన్స్ డ్యూక్ 1,35,000 పౌండ్లకు కొన్నాడు. డబ్బు ఒక్కసారి రాలేదు, వాయిదాల్లో కొంత వచ్చింది, మొత్తం ఎప్పటికీ ముట్టలేదు. ఆ డ్యూక్ పదవి పేరు మీదే దాన్ని ‘రీజెంట్’ వజ్రం అంటారు. ఇప్పుడు పారిస్‌లో లూవ్ర్ మ్యూజియంలో ఉంది.

వజ్రం చేసిన పని ఇదీ. అదే ఏడాది పిట్ కార్న్‌వాల్ కౌంటీలో బొకానక్ అనే ఎస్టేటు కొన్నాడు. ధర 50 వేల పౌండ్లు దాటింది. కార్న్‌వాలే ఎందుకు? మారుమూల, రాళ్ళ నేల, జనాభా తక్కువ. కానీ పార్లమెంటుకు పంపే సభ్యులు 44 మంది. అంత చిన్న కౌంటీకి అన్ని సీట్లు ఇంకెక్కడా లేవు. చిన్న చిన్న బరోలు ఇరవై ఒకటి పక్కపక్కనే ఉన్నాయి. అక్కడ పెద్ద ఎస్టేటు ఉంటే చుట్టూ ఉన్న బరోల్లో మాట చెల్లుతుంది. బెర్క్‌షైర్‌లో స్వాలోఫీల్డ్ కూడా తీసుకున్నాడు. మెడలో వేసుకుని మెరవాల్సిన రాయిని తీసుకెళ్ళి కౌలు వచ్చే మాగాణిగా, పలుకుబడి వచ్చే పొరుగుగా మార్చుకున్నాడు. రాయిని దొంగ ఎత్తుకుపోగలడు. పొలాన్ని ఎవడు ఎత్తుకుపోతాడు!

అప్పటి ఇంగ్లండులో రెండు రాజకీయ పక్షాలు, విగ్‌లు, టోరీలు. ఆయన గట్టి విగ్. 1710 ఎన్నికల్లో గాలి అంతా టోరీలదే అయినా ఓల్డ్ సారంలో ఏ గాలీ వీయదు కాబట్టి హాయిగా గెలిచాడు. 1714లో రాణి యాన్ చనిపోయి జర్మనీ నుంచి మొదటి జార్జి వస్తే ఆయన పక్షమే నిలిచాడు. కూతురు లూసీ పెళ్ళాడిన జేమ్స్ స్టాన్‌హోప్ 1717లో ప్రభుత్వానికి పెద్ద అయ్యాడు. పెద్ద కొడుకు రాబర్ట్ టోరీల వైపు మొగ్గడం మాత్రం తండ్రికి ముల్లులా గుచ్చుకునేది. ఆ ఇంట్లో తగాదాలకు లోటు లేదు. ఎంత కోపం వచ్చినా సీటు మాత్రం ఇంటి గడప దాటనివ్వలేదు. 1726 ఏప్రిల్‌లో స్వాలోఫీల్డ్‌లో చనిపోయేనాటికి థామస్ పిట్ ఓల్డ్ సారం ఎంపీనే.

మనవడి మాట, మునిమనవడి చట్టం

రాబర్ట్ రెండో కొడుకు విలియం. ఇంగ్లండు ఆచారం ప్రకారం ఆస్తంతా పెద్దవాడికే పోతుంది. రెండోవాడికి దక్కింది ఏటా వంద పౌండ్ల భరణం. 1735లో అన్న థామస్ రెండు చోట్ల గెలిచి, ఓల్డ్ సారం వదులుకుని, తమ్ముణ్ణి అక్కడ కూర్చోబెట్టాడు. ఇరవై ఆరేళ్ళ విలియం పిట్ పార్లమెంటులో అడుగుపెట్టింది అలా, తాత కొన్న దిబ్బ మీదుగా. ఇరవై ఏళ్ళ తర్వాత ఫ్రాన్సుతో జరిగిన ఏడేళ్ళ యుద్ధాన్ని నడిపింది అతనే. చాటం ప్రభువుగా చరిత్రలోకెక్కిన పెద్ద పిట్ అతనే.

ఆ యుద్ధం మన గడప దాకా వచ్చింది. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నంలో ఫ్రెంచివాళ్ళు ఓడిపోయి ఉత్తర సర్కారుల మీద పట్టు పోగొట్టుకున్నారు. ఆ సైన్యాన్ని బెంగాల్ నుంచి పంపింది క్లైవ్, లండన్‌లో కూర్చున్న పిట్ కాదు. కానీ ప్రపంచమంతటా ఫ్రాన్సుతో తలపడమన్న ప్రభుత్వం ఆయనది. రాయి తవ్విన నది ఒడ్డుకు, ఆ రాయి అమ్మినవాడి మనవడు నడిపిన యుద్ధం అరవై ఏళ్ళు తిరక్కుండా వచ్చి చేరింది.

ఆ పెద్ద పిట్టే 1766లో పార్లమెంటులో లేచి, ఇలాంటి బరోలు రాజ్యాంగంలో కుళ్ళిన భాగమనీ, ఈ శతాబ్దం దాటి నిలవవనీ, వాటంతటవి రాలకపోతే కోసెయ్యాలనీ అన్నాడు. 1770లో మరో మాట అన్నాడు. ఆసియా సంపద ఇంగ్లండును ముంచెత్తుతోందనీ, మట్టితో ఏ సంబంధమూ లేనివాళ్ళు పరాయి దేశపు బంగారంతో పార్లమెంటులోకి చొరబడుతున్నారనీ. ప్లాసీ తర్వాత డబ్బు మూటలతో తిరిగొచ్చిన ‘నబాబుల’ గురించి ఆ మాట. వాళ్ళ దారి వేసింది తన తాతే. ఆ మాట అన్నప్పుడు ఆయనకు అది గుర్తుందో లేదో గానీ, మాట మాత్రం నిజం. తాను ఎక్కొచ్చిన నిచ్చెన పుచ్చిపోయిందని నలుగురిలో చెప్పడానికి ధైర్యం కావాలి. దాన్ని నేను తక్కువ చేయను.

ఆయన కొడుకు చిన్న పిట్ 1781లో పార్లమెంటుకు వచ్చింది కూడా ఇలాంటి బర్గేజ్ బరో నుంచే. ఆపల్‌బీ అనే ఊరు, వేరే భూస్వామి జేబులోది. 1783 డిసెంబరులో, ఇరవై నాలుగేళ్ళకే ప్రధాని అయ్యాడు. మరుసటేడు కంపెనీని ప్రభుత్వ అజమాయిషీ కిందికి తెచ్చిన ఇండియా చట్టం ఆయనదే. కంపెనీని ఎదిరించి బతికినవాడి మునిమనవడు కంపెనీకి పగ్గం వేశాడు. 1785లో 36 కుళ్ళిన బరోలను రద్దు చేద్దామని బిల్లు పెట్టాడు. యజమానులకు పరిహారంగా పది లక్షల పౌండ్లు ఇద్దామన్నాడు. 174కు 248 ఓట్లతో బిల్లు వీగిపోయింది. అక్కడ కూర్చున్నవాళ్ళలో చాలామంది ఆ బరోల మీద బతికేవాళ్ళే మరి.

పరిహారం అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. సీటు పోతే పరిహారం ఇవ్వాలని ప్రధానమంత్రే అన్నాడంటే, సీటు ఆస్తి అని దేశం ఒప్పుకున్నట్టే. ఆ ఆస్తి విలువ ఎంతో ఓల్డ్ సారమే చెబుతుంది. 1802లో పిట్ వంశంలో పెద్ద కొమ్మకు చెందిన కామెల్‌ఫర్డ్ ప్రభువు దాన్ని అమ్మేశాడు. ధర సుమారు 60 వేల పౌండ్లు. ఆ భూమి మీద ఏటా వచ్చేది 700 పౌండ్లు. మంచి పొలమైతే పాతికేళ్ళ, ముప్పై ఏళ్ళ కౌలు ధరకు అమ్ముడుపోయే రోజులవి. ముప్పై అనుకున్నా 21 వేలు. మిగతా 39 వేలు దేనికి? బార్లీకి కాదు. ఎల్మ్ చెట్టు కింద ఏ పేర్లు పలకాలో చెప్పే హక్కుకు.

కొన్నవాడు ఐర్లండుకు చెందిన ఎర్ల్ ఆఫ్ కాలెడన్. ఆయన తండ్రి కంపెనీ కొలువులో భారతదేశంలో సంపాదించినవాడు, మేనత్త భర్త మద్రాసుకు గవర్నరుగా చేసినవాడు. నూరేళ్ళు గడిచాక కూడా ఆ దిబ్బకు కొనుగోలుదారు మద్రాసు, బెంగాల్ డబ్బు నుంచే వచ్చాడు. అమ్మిన కామెల్‌ఫర్డ్ రెండేళ్ళకే 1804లో ఒక ద్వంద్వయుద్ధంలో తూటా తగిలి చనిపోయాడు. పెళ్ళి కాలేదు. బొకానక్ అక్కగారికి పోయింది. ఆమె భర్త గ్రెన్‌విల్ 1806లో ప్రధాని అయ్యాడు.

1800లో ఐర్లండు పార్లమెంటును బ్రిటన్‌లో కలిపినప్పుడు సీట్లు పోయిన బరో యజమానులకు బరోకు 15 వేల పౌండ్ల చొప్పున లెక్కగట్టి ఇచ్చారు. ఇంగ్లండులోనూ అలాగే ఇస్తారని చాలామంది ధైర్యంగా ఉన్నారు. 1831లో పది పన్నెండు పట్టాలకు మించి లేని ఓల్డ్ సారం ఆఖరుసారి ఇద్దరు సభ్యుల్ని పంపింది. మరుసటేడు సంస్కరణ చట్టం వచ్చి 56 బరోలను పూర్తిగా రద్దు చేసింది. మాంచెస్టర్, బర్మింగ్‌హామ్‌లకు సీట్లొచ్చాయి. ఓల్డ్ సారం యజమానికి పరిహారం కింద ఒక్క పౌండు కూడా రాలేదు. మర్నాటి నుంచి ఆ పట్టాల మీద వచ్చేది పొలం కౌలు ఒక్కటే.